ఫేక్ పెట్టిన మూడేళ్లు, చేసిన మూడేళ్లు

ఒడిశా సరిహద్దులో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు మన తెలుగు ఇళ్లలో డిగ్రీయో ఐటీఐయో అయిన కుర్రాళ్లు ముందు ఊళ్లోనే ఎక్కడో ఒకచోట కుదురుకుంటారు. మెడికల్ షాపు కౌంటరు, మిల్లులో కాంట్రాక్టరు దగ్గర హెల్పరు, సిమెంటు కొట్లో ట్యాలీ, కంప్యూటర్ సెంటర్లో డేటా ఎంట్రీ. రెండు మూడేళ్లు గడిచాక విజయనగరం మీదుగా విశాఖకో హైదరాబాదుకో రైలెక్కుతారు. అక్కడ ఎవరు కదిపినా "ఎక్స్‌పీరియన్స్ ఎంత?" అనే అడుగుతారు. చేతిలో కాగితం లేదు కాబట్టి అసలు అనుభవమే లేదనుకుని నోరు మూసుకుంటారు. అమీర్‌పేట కోచింగుల చుట్టూ తిరిగే ఏజెంటుకి కావలసింది సరిగ్గా ఆ మౌనమే. "పర్లేదు, మూడేళ్లు ఫేక్ పెట్టేద్దాం" అంటాడు.

నిజంగా చేసిన మూడేళ్లను మూల పడేసి, చెయ్యని మూడేళ్లను డబ్బిచ్చి కొనుక్కునే బేరం ఇది. ఇందులో నీతి సంగతి అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. ఈ సరుకు ఎక్కడ తేలిపోతుందో, ఊళ్లో చేసిన పనిని ఎలా నిలబెట్టుకోవచ్చో మాత్రం రాస్తాను.

ఏజెంటు అమ్మేది ఒక సెట్టు. ఆఫర్ లెటర్, ఒకటో రెండో ఇంక్రిమెంట్ లెటర్లు, చివరి మూడు నెలల పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్, జీతం పడినట్టు బ్యాంకు స్టేట్‌మెంటు, అడిగితే ఫారం 16 (జీతంలో పన్ను కోసినట్టు సర్టిఫికెట్), హెచ్‌ఆర్ పేరుతో ఒక ఫోన్ నంబరు. పీఎఫ్‌తో అయితే ఒక రేటు, పీఎఫ్ లేకుండా అయితే ఇంకో రేటు. చూడ్డానికి అసలు కంపెనీ కాగితాలకంటే నీటుగా ఉంటాయి. తేదీల దగ్గరకొచ్చేసరికి బోల్తా పడతాయి. ఎందుకంటే మన ఉద్యోగం లెక్క యజమాని ఒక్కడి దగ్గరే ఉండదు. పీఎఫ్ ఆఫీసు, ఈఎస్‌ఐ, ఇన్‌కమ్ ట్యాక్స్, కంపెనీల రిజిస్ట్రారు, బ్యాంకు ఎవరి పద్దు వాళ్లు రాసుకుంటారు. వాటిలో ఏజెంటు చెయ్యి పడదు.

ముందు పీఎఫ్ సంగతి. యూఏఎన్ అనే 12 అంకెల నంబరు 2014లో వచ్చింది. మనిషికి ఒకటే, ఎన్ని కంపెనీలు మారినా అదే. మెంబర్ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరిస్తే ఏ సంస్థలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది వరసగా కనబడుతుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు, అంటే కంపెనీ తరఫున మన పాత ఉద్యోగాల వివరాలు సరిచూసేవాళ్లు, ఈ మధ్య అన్నిటికంటే ముందు అడిగేది దీన్నే. మనవైపు పిల్లలు చాలామంది ఇక్కడే దొరికిపోతారు, అదీ తమకు తెలియకుండానే. మిల్లు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనికి ఆధార్ జిరాక్సు ఇచ్చి ఉంటారు. కాంట్రాక్టరు దానిమీద యూఏఎన్ తీసి నాలుగు నెలలు పీఎఫ్ కట్టి ఉంటాడు. ఆ సంగతి మనవాడికి గుర్తే ఉండదు. రెజ్యూమెలో 2021 అంతా హైదరాబాదులో జావా డెవలపర్. పీఎఫ్‌లో అదే 2021లో రాయగడలో హెల్పరు. ఆ రెండు వరసలూ పక్కపక్కన పెట్టిన మనిషికి ఇంకో ఆధారం అక్కర్లేదు.

పీఎఫ్‌తో ఇస్తామన్న సెట్టు అయినా అంతే. సంస్థ ప్రతి నెల సొమ్మునూ తర్వాతి నెల 15వ తేదీలోగా కట్టాలి. పాస్‌బుక్‌లో జీతం నెలా, సొమ్ము జమైన తేదీ రెండూ పడతాయి. మూడేళ్ల కిందటి నెలలన్నిటికీ జమ తేదీ పోయిన నెలదే అయితే చూసేవాళ్లు నవ్వుకుంటారు. పైగా పీఎఫ్ ఆఫీసు (ఈపీఎఫ్‌ఓ) సైటులో సంస్థ పేరు కొట్టి, ఏ నెల చలానాలో ఎంతమంది ఉద్యోగులకు కట్టారో ఎవరైనా చూడొచ్చు. లెటర్‌హెడ్ మీద "300 మంది నిపుణులు" అని ఉండి, చలానాలో ఆరుగురే ఉంటే ఆ కంపెనీ బండారం అక్కడే బయటపడుతుంది. పీఎఫ్ లేనంత మాత్రాన అబద్ధం అని కూడా అనలేం. 20 మంది కంటే తక్కువున్న కొట్టుకి అది తప్పనిసరి కాదు. మొదటి ఉద్యోగంలోనే పీఎఫ్ లెక్కకొచ్చే జీతం 15,000 దాటితే చేరకుండా ఉండే వీలూ ఉంది. అలాంటప్పుడు వెరిఫికేషన్ వాళ్లు మిగతా పద్దుల వైపు తిరుగుతారు.

పేస్లిప్పు దగ్గర కాస్త ఆగుదాం, ఏజెంట్ల అజ్ఞానం పూర్తిగా బయటపడేది ఇక్కడే. ఒకే టెంప్లేటు పెట్టుకుని ఊరి పేర్లు మార్చి అమ్ముతారు. ప్రొఫెషనల్ ట్యాక్స్ రాష్ట్రానికో రకం అన్న సంగతి వాళ్లకు పట్టదు. నెల జీతం 18,000 అనుకోండి. ఆంధ్రలో, తెలంగాణలో కోత 150. అదే భువనేశ్వర్ ఆఫీసైతే ఒడిశా స్లాబులో నెలకు 125. గురుగ్రామ్, నోయిడా ఆఫీసైతే ఆ పన్నే లేదు. భువనేశ్వర్ పేస్లిప్పులో 150, గురుగ్రామ్ పేస్లిప్పులో 200 కనబడితే అది ఎక్కడ తయారైందో చెప్పనక్కర్లేదు. ఈఎస్‌ఐ కూడా చూస్తారు. జీతం 21,000 లోపు ఉంటే కోత ఉండాలి. 2019 జూలై నుంచి ఉద్యోగి వాటా 0.75 శాతం, అంటే 18,000 మీద 135. అంతకుముందు 1.75 శాతం, అంటే 315. 2018 నాటి పేస్లిప్పులో 135 కోత ఉందంటే, ఆ స్లిప్పు పుట్టింది 2018లో కాదు. ఫిబ్రవరికి 30 పని రోజులు, 2021 ఆగస్టు 15న ఆఫీసులో చేరినట్టు లెటరు (ఆ రోజు పంద్రాగస్టే కాదు, ఆదివారం కూడా), లాక్‌డౌన్ మధ్యలో 2020 ఏప్రిల్లో ఆఫీసుకొచ్చి సంతకం పెట్టినట్టు జాయినింగ్ రిపోర్టు. ఇలాంటివి ఒక్కటి దొరికితే మిగతా సెట్టంతా భూతద్దం కిందకి వెళ్తుంది.

లెటర్‌హెడ్డుది ఇంకో తమాషా. కంపెనీకి రిజిస్ట్రారు ఇచ్చే గుర్తింపు నంబరు సీఐఎన్‌లో 21 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. మొదట ఒక అక్షరం, తర్వాత వ్యాపారం కోడు అయిదు అంకెలు, రాష్ట్రానికి రెండు అక్షరాలు, ఆ వెంటనే నాలుగంకెల్లో కంపెనీ పుట్టిన సంవత్సరం. 2019 నుంచి అక్కడ పనిచేశానని లెటరు, సీఐఎన్ మధ్యలో 2022. జీఎస్టీ దేశంలోకి వచ్చింది 2017 జూలై 1న. 2016 తేదీ వేసిన లెటర్ అడుగున జీఎస్టీ నంబరు ఉంటే ఏం చెప్తారు? ఆ నంబరు మొదటి రెండంకెలు రాష్ట్రం కోడు: ఒడిశా 21, మహారాష్ట్ర 27, తెలంగాణ 36, ఆంధ్ర 37. చిరునామా ఒడిశాలోని బరంపురం, నంబరు 36తో మొదలైతే ఆ లెటర్‌హెడ్డు అరువుది. 2013 తేదీ ఉన్న హైదరాబాదు లెటర్‌లో రాష్ట్రం పేరు తెలంగాణ అని వేసేవాళ్లూ ఉన్నారు. ఆ రాష్ట్రం పుట్టింది 2014 జూన్ 2న. మనవైపు కూడా 2011 నవంబరుకు ముందు ఇంగ్లీషు కాగితాల మీద "ఒరిస్సా" అనే ఉండేది.

ఇక హెచ్‌ఆర్ ఫోన్ నంబరు. వెరిఫికేషన్ వాళ్లు మీరిచ్చిన నంబరు ఒక్కదాన్నే నమ్ముకోరు. కంపెనీ వెబ్‌సైటులో, రిజిస్ట్రారు దగ్గర ఉన్న చిరునామా తీసుకుని కంపెనీ సొంత డొమైన్ మెయిలుకి రాస్తారు. జీమెయిల్ నుంచి జవాబొస్తే పక్కన పెడతారు. ఆ డొమైన్ ఎప్పుడు కొన్నారో చూస్తారు. అవసరమైతే మనిషిని పంపి ఆ అడ్రసులో బోర్డు ఉందో లేదో చూడమంటారు. ఒక్క దొంగ కంపెనీ దొరికిందంటే అదే పేరుతో చేరిన పాత ఉద్యోగులందరి ఫైళ్లూ మళ్లీ తెరుస్తారు. 2022 నవంబరులో ఆక్సెంచర్ ఇండియా ఇలాగే లేని కంపెనీల అనుభవ పత్రాలతో చేరినవాళ్లను గుర్తించి తీసేశామని బయటికే చెప్పింది. కాబట్టి "చేరిపోతే చాలు, తర్వాత ఎవరడుగుతారు" అన్న ఏజెంటు మాట నమ్మకండి. చేరాక కూడా అడుగుతారు.

అలా తీసేస్తే పోయేది ఆ ఉద్యోగం ఒక్కటే అయితే బాధ లేదు. ఆ అయిదారు నెలల పీఎఫ్ మీ యూఏఎన్‌లో ఉండిపోతుంది. రిలీవింగ్ లెటర్ రాదు. తర్వాతి చోట ఆ నెలలు చెప్తే ఎందుకు మానేశారని అడుగుతారు, దాస్తే పీఎఫ్ బయటపెడుతుంది. మొదటి అబద్ధం డబ్బిచ్చి కొన్నది, రెండోది ఊరికే మెడకు చుట్టుకున్నది. చట్టం మాటకొస్తే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318, ఫోర్జరీకి 336, ఫోర్జరీ కాగితాన్ని అసలుదిగా వాడినందుకు 340 సెక్షన్లు ఉన్నాయి. మోసానికీ, మోసం కోసం చేసిన ఫోర్జరీకీ ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. కంపెనీలు సాధారణంగా పోలీసుల దాకా వెళ్లవు, తీసేసి ఊరుకుంటాయి. వెళ్తే మాత్రం కాగితం అమ్మినవాడు ఫోను మార్చేసి ఉంటాడు, సంతకం పెట్టినవాడు మీరే.

కాగితాల గండం గట్టెక్కినా ఇంటర్వ్యూలో పని తెలిసినవాడు ఎదురుగా కూర్చుంటే? ఫిట్టర్‌గా నాలుగేళ్లు చేశానన్న కుర్రాణ్ణి పంపు గ్లాండ్ ప్యాకింగ్ (షాఫ్టు చుట్టూ లీకు అదుపులో ఉండేట్టు పెట్టే రింగులు) ఎలా మారుస్తావని అడుగుతారు. చేసినవాడు ఆలోచించకుండా చెప్తాడు. పాత రింగులన్నీ తీసి షాఫ్టు స్లీవు (తొడుగు) మీద గీతలున్నాయేమో చూస్తాం. షాఫ్టు సైజు కడ్డీకి చుట్టి రింగులు కోస్తాం. ఒక్కొక్క రింగే లోపలికి దింపుతూ, అతుకులు ఒకే వరసలో పడకుండా 90 డిగ్రీలు తిప్పి పెడతాం. గ్లాండు నట్లు ముందు చేత్తోనే బిగిస్తాం. పంపు ఆడించాక కొద్దికొద్దిగా బిగిస్తూ నిమిషానికి నలభై నుంచి అరవై చుక్కలు కారేట్టు వదిలేస్తాం. చెయ్యనివాడు ఎక్కడ దొరుకుతాడంటే చివరి మాట దగ్గర. "లీకు పూర్తిగా ఆగేదాకా బిగిస్తా" అంటాడు. అలా బిగిస్తే ప్యాకింగ్ కాలిపోతుంది, స్లీవు కోసుకుపోతుంది. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే కథ. ప్రాజెక్టు పేరు, టెక్నాలజీ పేరు బట్టీ పట్టొచ్చు. "ప్రొడక్షన్‌లో తప్పు కోడు వెళ్లిపోతే మీ టీంలో వెనక్కి తియ్యమని ఎవరు చెప్పాలి, ఎంతసేపు పట్టేది?" అంటే నీళ్లు నములుతారు.

పై ఫిట్టరు ప్రశ్నకు మిల్లులో రెండేళ్లు స్పానర్లు అందించిన హెల్పరు కూడా జవాబు చెప్పగలడు. అతని దగ్గర లేనిది కాగితం ఒక్కటే. అది ఎలా పుట్టించాలో చూద్దాం. పుట్టించడం అంటే కల్పించడం కాదు సుమా, ఉన్నదాన్ని బయటికి తియ్యడం.

కాంట్రాక్టరు దగ్గర చేసినవాళ్లు ముందు తమ ఆధార్ మీద యూఏఎన్ ఉందో లేదో పోర్టల్‌లో చూసుకోండి. ఉంటే మీ అనుభవానికి అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. ఏ సంస్థ, ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నీ అందులోనే ఉన్నాయి. మానేసిన తేదీ కాంట్రాక్టరు వెయ్యకపోతే, చివరి జమ పడిన రెండు నెలల తర్వాత మేనేజ్ మెనూలో మార్క్ ఎగ్జిట్‌కి వెళ్లి ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. అది ఖాళీగా ఉంటే కొత్త కంపెనీకి మీరు ఒకేసారి రెండు చోట్ల చేస్తున్నట్టు కనబడుతుంది. జీతంలో పీఎఫ్ కోసి కట్టకపోతే పీఎఫ్ ఫిర్యాదుల సైటు ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు పెట్టండి. ఈఎస్‌ఐ కార్డు ఉంటే దాని 10 అంకెల నంబరూ పనికొస్తుంది. ప్లాంటు గేట్‌పాసులు, సేఫ్టీ ట్రైనింగ్ కార్డు పారెయ్యకండి, వాటి మీద తేదీలుంటాయి. దామన్‌జోడి, సునాబెడ లాంటి చోట్ల కేంద్ర సంస్థల్లో కాంట్రాక్టు మీద చేసినవాళ్లకు పాత కాంట్రాక్టు కార్మికుల నిబంధనల్లో సర్వీసు సర్టిఫికెట్ ఉంది. పని ముగిశాక కాంట్రాక్టరు ఇవ్వాలి. 2025 నవంబరులో లేబర్ కోడ్లు వచ్చేముందు చేసిన పనికి ఆ నిబంధన చెప్పి అడగండి. నిబంధన చెప్పి అడిగేవాణ్ణి కాంట్రాక్టరు అంత తేలిగ్గా పంపెయ్యడు.

కొట్లో చేసినవాళ్లకు యజమాని లెటరే దిక్కు. "ఫలానావాడు మా దగ్గర పనిచేశాడు, మంచివాడు" అని రాయించుకుంటే దండగ. మీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే, తండ్రి పేరు, చేరిన తేదీ, మానేసిన తేదీ, పని, చివరి నెల జీతం, అది చేతికిచ్చారా ఫోన్‌పేలోనా బ్యాంకులోనా అన్నదీ ఉండాలి. కింద కొట్టు చిరునామా, జీఎస్టీ నంబరు, మెడికల్ షాపైతే డ్రగ్ లైసెన్సు నంబరు. జీఎస్టీ లేని చిన్న కొట్టుకి ఉద్యమ్ (చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్) నంబరో మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సో చాలు. సంతకం, స్టాంపు, ఎత్తే ఫోన్ నంబరు. ఒడియాలో రాసిస్తే పక్కన ఇంగ్లీషుది కూడా అదే రోజు అదే సంతకంతో తీసుకోండి. జీతం పడిన మన బ్యాంకు పాస్‌బుక్ పేజీలు, యూపీఐ హిస్టరీ డౌన్‌లోడ్ చేసి జతచెయ్యండి. చేతికే ఇచ్చేవారంటే అదే రాయించండి, సిగ్గేమీ లేదు.

ఆ ఫోన్ సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. బెంగళూరు నుంచి ఎవరో హిందీలోనో ఇంగ్లీషులోనో "మీ దగ్గర ఫలానా ఉద్యోగి..." అని మొదలుపెడితే మన షావుకారు లోనువాళ్లో మోసగాళ్లో అనుకుని రాంగ్ నంబర్ అని పెట్టేస్తాడు. రిపోర్టులో "ధ్రువీకరించలేకపోయాం" అని పడుతుంది. తప్పేమీ లేని మనిషికి ఆంబర్ మార్కు, అంటే అనుమానం ఉన్నట్టు గుర్తు. "పదిరోజుల్లో ఒక ఫోన్ వస్తుంది, నా పేరే అడుగుతారు, తేదీలు ఇవీ" అని ఆయనకు ముందే చెప్పి, లెటరు ఫోటో ఆయన వాట్సాప్‌లో ఉంచండి. వెరిఫికేషన్ ఫారంలో ఆయన మాట్లాడే భాష తెలుగు, ఒడియా అని రాయండి. చాలా ఏజెన్సీలు అప్పుడు ఆ భాష వచ్చినవాళ్లతో చేయిస్తాయి.

అబద్ధం లేకపోయినా తేడా వచ్చే చోటు ఇంకొకటి ఉంది, అది మన సరిహద్దువాళ్లకే వచ్చే తద్దినం. ఒడియాలో వ, బ రెండింటికీ ఒకే అక్షరం నడుస్తుంది. బళ్లో వాసుదేవ్ కాస్తా బాసుదేవ్ అవుతాడు, విజయ్ బిజయ్ అవుతాడు. కటక్ బోర్డు మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఇంగ్లీషులో అదే పడుతుంది. విశాఖలో తీసిన ఆధార్‌లో వ ఉంటుంది. పైగా ఆంధ్రలో ఇంటిపేరు ముందు, ఇక్కడ వెనక. వెరిఫికేషన్ కంప్యూటరుకి వీళ్లిద్దరూ వేరు మనుషులు. ముందే నోటరీ దగ్గర "ఈ రెండు పేర్లూ నావే" అని అఫిడవిట్ చేయించి, వాళ్లు అడక్కముందే అప్‌లోడ్ చెయ్యండి. వీలైతే ఆధార్‌ను మెట్రిక్ సర్టిఫికెట్‌కి సరిపోయేట్టు మార్పించుకోండి, ఎందుకంటే సర్టిఫికెట్ మార్పించడం అంతకు పదింతలు తిరుగుడు.

రెజ్యూమెలో ఆ అనుభవాన్ని ఎలా రాయాలి? "మెడికల్ షాపులో సేల్స్‌మన్, 2 సంవత్సరాలు" అని ఒక లైను రాసి వదిలేస్తే ఎవరూ పట్టించుకోరు. చేసిన పని రాయండి: ప్రతి నెలా గడువు తీరే మందులు వేరుచేసి స్టాకిస్టుకి తిరిగి పంపడం, షెడ్యూల్ హెచ్1 (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన కొన్ని మందుల) రిజిస్టరులో డాక్టరు, పేషెంటు, మందు, పరిమాణం రాయడం, దాన్ని మూడేళ్లు భద్రపరచాలన్న నిబంధన తెలిసి ఉండడం, కొనుగోలు బిల్లులు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం. ఫార్మా డిస్ట్రిబ్యూషన్‌కో హాస్పిటల్ స్టోర్స్‌కో వెళ్లేవాడికి అమీర్‌పేట మూడేళ్లకంటే ఈ నాలుగు లైన్లు బలం. దీంతో నేరుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తుందని చెప్పను. అటు వెళ్లాలంటే ఫ్రెషర్‌గానే, తక్కువ జీతానికే వెళ్లాలి. ఆ బాధ నిజమైనదే. ఖాళీ నెలలుంటే ఖాళీ అనే రాయండి. నాన్నకు ఒంట్లో బాగోకపోవడం, ఒడిశా ప్రభుత్వోద్యోగాల ఓపీఎస్‌సీ, ఓఎస్‌ఎస్‌సీ పరీక్షలకు చదవడం, ఇలాంటివి వినీ వినీ అక్కడివాళ్లకు అలవాటే. ఖాళీని పక్క ఉద్యోగం తేదీలు సాగదీసి పూడ్చడమే వాళ్లకు పడదు.

ఇప్పటికే రెజ్యూమెలో అబద్ధం పెట్టి పంపేసినవాళ్లు ఒక తేడా గమనించాలి. రెజ్యూమె వేరు, ఆఫర్ తర్వాత సంతకం పెట్టే వెరిఫికేషన్ ఫారం వేరు. "పై వివరాలు నిజమని ధ్రువీకరిస్తున్నాను" అన్న వాక్యం రెండోదాంట్లో ఉంటుంది. దానిమీద సంతకం పెట్టకముందే రిక్రూటరుకి మెయిలు పెట్టండి: నేను పంపిన రెజ్యూమెలో ఫలానా ఉద్యోగం వివరాలు సరైనవి కావు, సరిచేసింది జతచేస్తున్నాను. రెండు లైన్లు చాలు, సంజాయిషీలు వద్దు, ఏజెంటు మీద నెపం అసలొద్దు. ఆఫర్ పోవచ్చు, చాలాసార్లు పోతుంది కూడా. కానీ చేరకుండా పోయిన ఆఫర్ పీఎఫ్‌లో ఎక్కదు. ఏజెంటు ఇచ్చిన సెట్టు ఫోన్‌లో, మెయిల్లో, డిజీలాకర్ అప్‌లోడ్ ఫోల్డరులో ఎక్కడున్నా తీసెయ్యండి. తర్వాతి దరఖాస్తులో హడావుడిగా ఫైళ్లు జతచేసేటప్పుడు అదే పాత పేస్లిప్పు మళ్లీ ఎక్కిపోవడం మామూలే.